మల్లేశ్ పడుకున్నాక పదకొండు నిమిషాలు

నిన్న మధ్యాహ్నం మా మనవరాలి కంప్యూటర్ చార్జరు వేడెక్కి గదంతా వాసన కమ్ముకుంది. కాలిన దుమ్ము, కరగబోతున్న ప్లాస్టిక్ కలిసిన వాసన. ఆ పిల్ల గాభరాపడి తీగ లాగేసి కిటికీ తెరిచింది. నేను మాత్రం కుర్చీలోంచి కదల్లేదు. కిటికీ తెరవకుండా ఉంటే బాగుండుననిపించింది. సూరత్ శివారు వడోద్‌లో, తెలంగాణ నుంచి పనికొచ్చిన మేమున్న గల్లీ చివర, మూతపడ్డ సాంచల కార్ఖానా వెనక ఒక రేకుల గది ఉండేది. సాంచలంటే మరమగ్గాలు. ఆ గదిలో వీసీఆర్ గంటన్నర నడిచాక సరిగ్గా ఇదే వాసన వచ్చేది. అక్కడ సినిమా వేసేవాడు భూమయ్య కాక. నా కంటే పాతికేళ్లు పెద్ద. వరసకు చుట్టమేం కాదు, గల్లీలో అందరికీ కాకే. ఆయన గురించి రాయాలని చాలాసార్లు అనుకున్నాను. తేదీలు, లెక్కలు నా దగ్గర పక్కాగా ఉన్నాయి. ఇన్నాళ్లూ లేనిది ధైర్యమే.

కాక సినిమా వేసేవాడు అంటే సరిపోదు, చెప్పేవాడు. ముప్పై ఏళ్లు సాంచల మధ్య నిలబడిన మనుషులకు చెవులు సగమే పనిచేస్తాయి. హిందీ సినిమా మాటలే సరిగా వినబడవు, ఇంగ్లీషువి ఏం తెలుస్తాయి? అందుకని కాక టీవీ పక్కన నిలబడి, చేతిలో నూలు చుట్టే ఒక ఖాళీ కండె పట్టుకుని, దాన్నే బెత్తంలా తెర మీదికి చూపిస్తూ గొంతెత్తి మన మాటల్లో కథ చెప్పేవాడు. గొంతు అందని చోట, కార్ఖానాల మోతలో మేము వాడుకునే చేతి సైగలు చేసేవాడు. ఆయన దగ్గరున్న క్యాసెట్లలో ఎక్కువ భాగం ఆటల సినిమాలే. ఆటల సినిమాకు మాటలు తక్కువ, మొఖాలు ఎక్కువ అనేవాడు. తెర మీద దొరలకు, దొరసానులకు మన పేర్లే పెట్టేవాడు. నీళ్లంటే భయపడుతూనే ఈత పందెం గెలిచే ఆవిడ గంగవ్వ. బంతి ఆపే లావాటి మనిషి కిష్టయ్య. పరుగెత్తేవాడు మల్లేశ్. కొన్నాళ్లకు వాళ్లంతా మా గల్లీ మనుషులైపోయారు. నల్లా దగ్గర ఆడవాళ్లు రెండు చేతులా బిందెలు మోసే పిల్లను చూసి "గంగవ్వ రెక్కలే దీనివి" అనేవారు. పెళ్లి మాటలు వస్తే "మల్లేశ్ అసొంటోడు దొర్కాలె" అనేవారు. అతడు ఏ దేశంవాడో ఎవరూ అడగలేదు. జగిత్యాల దిక్కువాడే అయ్యుండాలని మా పక్కింటావిడ గట్టిగా నమ్మేది.

నేను పదో తరగతి చదివాను. పగలు కండెలు చుట్టే పని. సాంచలకు సెలవైన సినిమా రోజున కాక దగ్గర ఇంకో పని చేసేదాన్ని. ఆట మొదలైన సమయం, అయిపోయిన సమయం నోటుబుక్కులో రాసిపెట్టడం. సెలవు పగటికే. సాయంత్రం పాళీకి, అంటే షిఫ్టుకు, వెళ్లాల్సిన మగవాళ్లకు ఆలస్యమైతే వాళ్ల సాంచలు ఇంకొకరికి ఇచ్చేస్తారు. అందుకని ఏ క్యాసెట్ ఎంతసేపో ముందే తెలియాలి. మొదటి వారమే ఆయనతో గొడవపడ్డాను. తెర మీద మల్లేశ్ బనీను మీద ముప్పై ఒకటి అని కనబడుతుంటే కాక పదమూడు అని చెప్పాడు.

"కాకా, అంకె తప్పు చెప్పినవ్."

"ఏం మునిగింది బిడ్డా? పదమూడు మంచి అంకె గాదని మనోళ్లు అయ్యో అంటరు. ముప్పై ఒకటంటె ఎవడు అయ్యో అంటడు?"

"ఉన్నది ఉన్నట్టు చెప్పాలె గద."

"నీకు అచ్చరాలొస్తయ్. నాకు మొకాలొస్తయ్. నువ్వు టైం రాసుకో, పో."

అప్పుడే తెలిసింది, ఆయనకు ఇంగ్లీషు ముక్క కూడా రాదని. అన్నీ మొఖాలు చూసి చెప్పేవే. నాకు ఒళ్లు మండింది. అయినా మరుసటి వారం వెళ్లాను. ఎందుకంటే ఆయన చెబుతుంటే, పన్నెండు గంటల పాళీ చేసి వచ్చి గోడకానుకుని కునికే మగవాళ్లు కూడా లేచి కూర్చునేవారు. అలా లేచి కూర్చోవడం ఇంకెక్కడా చూడలేదు.

మల్లేశ్ కథ కాక నోట ఇలా ఉండేది. పరుగు పందెంలో అతణ్ణి కొట్టేవాడు లేడు. ఒకరోజు డాక్టరు ఛాతీ మీద గొట్టం పెట్టి, తల అడ్డంగా ఊపుతాడు. ఆ చోట కాక గొంతు మార్చి, "డాక్టర్ సాబ్ అంటున్నడు, ఉరుకకురా మల్లేశ్, నీ గుండె మంచిగ లేదు. మల్లేశ్ ఏమన్నడు? గుండె నాది సాబ్, నీది గాదు!" అనేవాడు. రేకుల గది ఈలలతో దద్దరిల్లేది. చివరి పందెంలో మల్లేశ్ అందరికంటే ముందు వస్తాడు. గీత దాటి పక్కకు నడిచి, ఒక గోడకు వీపు ఆన్చి కూర్చుంటాడు. కళ్లు మూసుకుంటాడు. పెదాల మీద నవ్వు. అక్కడ కాక క్యాసెట్ ఆపేసేవాడు. "అలిసిండు. పండుకోనియ్యుండ్రి. లొల్లి చెయ్యకుంట పోండ్రి," అనేవాడు. నిజంగానే అరవై డెబ్బై మంది చెప్పులు చేతబట్టుకుని, మునివేళ్ల మీద నడుస్తూ బయటికి పోయేవారు. తెరలో పడుకున్న మనిషి లేస్తాడేమో అన్నట్టు.

ఇది 1996 సంగతి. ఆ ఏడాది దసరా వెళ్లిన వారానికి మా తమ్ముడు రాజేశం సాంచ దగ్గర నిలబడ్డవాడు నిలబడ్డట్టే పడిపోయాడు. వాడికి ఇరవై నాలుగేళ్లు. మా అమ్మానాన్నలు పోయాక నా దగ్గరే పెరిగాడు. పెద్దాసుపత్రిలో డాక్టరు వాడి గుండె చప్పుడు చాలాసేపు విని, చిన్నప్పుడు కీళ్లనొప్పులతో జ్వరం వచ్చిందా అని అడిగాడు. వచ్చింది, తొమ్మిదో ఏట, ఇరవై రెండు రోజులు. దానివల్లే గుండెలో ఒక కవాటం ఇరుకైందన్నాడు. ఆపరేషన్‌కు వరసలో పేరు రాస్తాం, అప్పటిదాకా మందులు వాడాలి, నడవొచ్చు, తేలిక పని చేయొచ్చు, బరువులు మోయొద్దు, పరుగెత్తనే వద్దు అన్నాడు. ఒక్కో మాటా నోటుబుక్కులో రాసుకున్నాను. పడిపోయిన కబురు జోల్వాకు చేరింది. అక్కడ వాడికి పిల్లను ఖాయం చేసుకున్నాం. పిల్ల మేనమామ వచ్చి, చాయ్ కూడా ముట్టుకోకుండా, "గుండె జబ్బోనికి పిల్లనెట్ల ఇస్తమమ్మా" అని చెప్పి వెళ్లిపోయాడు. రాజేశం తలుపు వెనకే ఉన్నాడు. అన్నీ విన్నాడు.

డిసెంబరులో మిల్లుల వాళ్లు కార్మికులకు పరుగు పందెం పెట్టారు. వడోద్ నుంచి ఉన్ అనే ఊరి దాకా వెళ్లి తిరిగి రావాలి. మొత్తం పది కిలోమీటర్లు. పందేనికి పదమూడు రోజులుందనగా, ఒక పొద్దున దండెం మీద తడి బనీను కనబడింది. పిండితే చెమట వాసన. రాజేశం గడప మీద కూర్చుని ఊపిరి ఎగబీలుస్తున్నాడు. పెదాలు నేరేడు పండు రంగులో ఉన్నాయి.

"ఉరికినవా?"

"జరంత."

"డాక్టరేమన్నడు? చదువాల్నా?"

"చదువకు. నాకు యాదికే ఉన్నది. జోల్వా నుంచి గూడ వస్తరు పందెం సూడ. రానీ. సూడనీ."

"సచ్చిపోతవురా."

వాడు నవ్వాడు. ఆ నవ్వు నాది కాదు, మా అమ్మది కాదు. ఎక్కడో చూసినట్టుంది. "గుండె నాదక్కా," అన్నాడు. "డాక్టర్‌ది గాదు."

ఆ మాట వాడిది కాదు. మల్లేశ్‌ది. మల్లేశ్‌ది కూడా కాదు, భూమయ్య కాకది. ఆ రోజు కండెలు చుట్టానే గాని చేతులు వాటంతటవే తిరిగాయి. సాయంత్రం ఇంటికొచ్చి నోటుబుక్కు తీశాను. ఎందుకు తీశానో ఇప్పటికీ సరిగా చెప్పలేను. మనసు కుదురుగా లేనప్పుడు అంకెలు చూసుకోవడం నాకు అలవాటు. గంగవ్వ సినిమా డబ్బా మీద తొంభై రెండు నిమిషాలని ఉంది, గదిలో తొంభై రెండే నడిచింది. కిష్టయ్యది నూట పదిహేను, నూట పదిహేనే నడిచింది. మల్లేశ్ క్యాసెట్ మీద పేరు చిరిగిపోయింది గాని అంకె మిగిలింది. నూట ఎనిమిది. నా పుస్తకంలో మాత్రం రెండు గంటల అయిదు నిమిషాలకు మొదలు, మూడు నలభై రెండుకు ముగింపు. తొంభై ఏడు. అంతకు ముందు వారాలు కూడా చూశాను. తొమ్మిదిసార్లు వేశాడు. తొమ్మిదిసార్లూ తొంభై ఏడే. పదకొండు నిమిషాలు ఎటు పోయాయి?

మర్నాడు తిండి వేళకు ఆ గదికి పోయాను. కాక గుడ్డపేలికతో యంత్రం తుడుస్తున్నాడు.

"కాకా, మల్లేశ్ సినిమా పదకొండు నిమిషాలు తక్కువ నడుస్తది."

"మిషన్ జోర్ మీదుంటదేమో బిడ్డా."

"గంగవ్వకు లేని జోరు మల్లేశ్‌కెక్కడిది? ఏమున్నది అండ్ల?"

"ఏమీ లేదు. మనుషులు నడుసుకుంట పోతరు."

"ఎటు?"

ఆయన పేలికను నాలుగు మడతలు పెట్టాడు.

"మల్లేశ్ లేస్తడా కాకా?"

"లెవ్వడు."

అక్కడే పీట మీద కూర్చున్నాను. కాక నా వైపు చూడకుండానే మాట్లాడాడు. "మొదటిపారి ఒక్కన్నే సూసిన. సూసి ఏడ్సిన. పన్నెండు గంటలు నిలవడి వచ్చినోళ్లు, మళ్ల పన్నెండు గంటలు నిలవడ పొయ్యేటోళ్లు. నడుమ ఇంతసేపు నా దగ్గర కూసుంటరు. వాళ్లకు పీనుగను సూపెట్టి పంపాల్నా? పండుకున్నడంటె ఏం పోయింది?"

రాజేశం పరుగు గురించి చెప్పాను. డాక్టరు మాటలు చదివి వినిపించాను. ఆయన ఆ సాయంత్రమే మా ఇంటికొచ్చి, గుమ్మంలోనే నిలబడి, "రాజేశం, మల్లేశ్ పండుకోలేదురా. సచ్చిండు. నేనే అబద్ధం చెప్పిన," అన్నాడు. రాజేశం అన్నం తింటూ తల కూడా ఎత్తలేదు. "అక్క చెప్పుమన్నదా కాకా? మంచిగనే నేర్పింది," అన్నాడు. కాక గుమ్మంలోంచే వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. లేనిదాన్ని తొమ్మిదిసార్లు నమ్మించిన మనిషి, ఉన్నమాట ఒక్కసారి చెబితే నమ్మేవాడు లేడు.

"ఆ పదకొండు నిమిషాలు వెయ్యి," అన్నాను మర్నాడు.

"వేస్తె మల్ల నా మాట ఎవరింటరు బిడ్డా?"

కాకకు సాంచ పని ఎప్పుడో పోయింది. కుడిచేతి రెండు వేళ్లు పనిచేయవు. భార్య లేదు. ఆ గదిలో చెప్పే కథ ఒక్కటే ఆయనకున్నది. అది తెలిసే అడిగాను. రోజూ పోయి అడిగాను. ఇంకా తొమ్మిది రోజులున్నాయన్నాను, ఏడున్నాయన్నాను, నాలుగున్నాయన్నాను. అడిగినప్పుడల్లా ఆయన యంత్రం తుడుస్తూనే ఉన్నాడు. ఇంట్లో రాజేశం రోజూ పొద్దున పరుగెత్తాడు. నేను గడప మీద కూర్చుని వాడు వచ్చేదాకా లెక్కపెట్టాను. ఒకరోజు చేయి అడ్డంపెడితే సున్నితంగా తోసి వెళ్లాడు. గదికి తాళం వేస్తే కిటికీలోంచి దూకాడు.

పందేనికి రెండు రోజుల ముందు సాంచల సెలవు. పందెం ఊపులో అందరూ మల్లేశ్‌నే వెయ్యమన్నారు. గదిలో కాలు పెట్టే చోటు లేదు. రాజేశం ముందు వరసలో కూర్చున్నాడు. పక్కవాళ్లు వాడి భుజాలు చరుస్తూ, "మన మల్లేశ్ వీడే" అంటున్నారు. కాక మామూలుగానే చెప్పాడు. డాక్టరు దగ్గర కొద్దిగా ఆగాడు, కానీ చెప్పాడు. ఈలలు పడ్డాయి. మల్లేశ్ గీత దాటాడు. గోడకు ఆనుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. జనం అలవాటుగా లేచి చెప్పులు వెతుక్కుంటున్నారు. నా గడియారంలో తొంభై ఏడు నిమిషాలు. కాక చేయి యంత్రం మీదికి పోయింది. అక్కడే ఉండిపోయింది. నొక్కలేదు.

"బంద్ చెయ్ కాకా, లేస్తడు!" అని ఎవరో నవ్వారు.

తెర మీద మల్లేశ్‌కు పరుగు నేర్పిన మనిషి నవ్వుతూ వచ్చి భుజం తట్టాడు. మల్లేశ్ తల పక్కకు ఒరిగింది. ఆ మనిషి ఏదో అరిచాడు. అందరూ కాక వైపు చూశారు. ఆయన మాట్లాడలేదు. చెప్పే మనిషి చెప్పకపోవడం ఆ గదిలో మొదటిసారి. కాక కండె కింద పెట్టి, రాజేశం వైపు తిరిగి, రెండు వేళ్లు జోడించి విడదీశాడు. పోగు తెగింది, సాంచ ఆపు అనే సైగ అది. తర్వాత పదకొండు నిమిషాలూ యంత్రం చప్పుడు, అర్థంకాని ఇంగ్లీషు. డాక్టరు వచ్చాడు. తల్లి వచ్చింది. పెట్టె వచ్చింది. మనుషులు వర్షంలో నడుచుకుంటూ పోయారు. బొమ్మ పోయి తెర నీలంగా మారాక కాక నోరు విప్పాడు.

"డాక్టరుకు మల్లేశ్ ఏం జవాబిచ్చిండో నాకు తెల్వదు. గుండె నాదన్న మాట నేను కల్పించిన. నాకు ఇంగ్లీషు రాదు."

వెంటనే అరుపులు. "ఇన్నాళ్లు మోసం చేసినవా?" "గంగవ్వ గూడ సచ్చిందా ఏంది?" "థూ!" ఎవరో చెప్పు విసిరారు. అది టీవీకి తగిలి కింద పడింది. రాజేశం లేచి, కాక ముఖంలోకి గాని నా ముఖంలోకి గాని చూడకుండా జనాన్ని తోసుకుని వెళ్లిపోయాడు. ఆ రెండు రోజులు ఇంట్లో ఒక్క మాట మాట్లాడలేదు. పరుగెత్తాడో లేదో కూడా తెలియనివ్వలేదు.

ఆదివారం పొద్దున ఏడింటికి పందెం. వెళ్లి చూస్తే వాడు గీత దగ్గర ఉన్నాడు, ఛాతీ మీద అంకె గుడ్డ కుట్టుకుని. జోల్వావాళ్లు రోడ్డు అవతల నిలబడ్డారు. పిలిచాను. వినబడనట్టు నిలబడ్డాడు. విజిల్ ఊదారు. అందరితోపాటు పరుగు తీశాడు. మలుపు దగ్గర నీలం బనీను ఒక్కసారి కనబడి మాయమైంది. నేను చేయగలిగింది గడియారం చూడడం ఒక్కటే. నలభై ఒకటో నిమిషంలో మొదటివాడు వచ్చాడు. యాభై అయిదుకు మూకలు మూకలుగా వచ్చారు. అరవై అయిదుకు కుంటుతూ ఇద్దరు. రాజేశం లేడు. ఒకణ్ణి ఆపి అడిగితే, "తెల్వదక్కా, ఖాడీ వాగు వంతెన కాడ ఎనుకవడ్డడు," అన్నాడు. ఆ మాట విని రోడ్డు వెంట నడిచాను. పరుగెత్తలేదు. పరుగెత్తితే ఏదో నిజమైపోతుందనిపించింది. ఎదురుగా వచ్చే ప్రతి రిక్షాలోకీ తొంగి చూశాను, ఎవరినైనా పడుకోబెట్టి తెస్తున్నారేమోనని.

కిలోమీటరు దాటాక కనబడ్డారు. రాజేశం నడుస్తున్నాడు. మామూలు నడక, బజారుకు పోయే నడక. వాడి పక్కన, ఒక మూర దూరంలో, భూమయ్య కాక. కాక చీకట్లోనే లేచి ఉన్ మలుపుకు పోయి నిలబడ్డాడట. వంతెన దాటినప్పటినుంచీ రాజేశం నడుస్తూనే వచ్చి, మలుపు దగ్గర గుర్తు వేయించుకుని, ఆగకుండా తిరిగాడట. కాక ఏమీ అనకుండా పక్కన కలిశాడు. నేను రెండో పక్కన కలిశాను. గీత దగ్గరికి వచ్చేసరికి బల్లలు మడతపెడుతున్నారు. గంటా యాభై రెండు నిమిషాలు. జోల్వావాళ్లలో ఒకడు అరిచాడు.

"ఏంది రాజేశం, గిది పందెమా, పెండ్లి ఊరేగింపా?"

"పెండ్లికైతె మనిషి బతికుండాలె గద బావా," అన్నాడు రాజేశం. గీత దాటేదాకా అదే నడక.

మరుసటి ఏడాది వాడికి ఆపరేషన్ అయింది. ఇప్పుడు వాడికి యాభై దాటాయి. జోల్వా సంబంధం తిరిగి రాలేదు, వేరే పిల్లను చేసుకున్నాడు. కాక గదికి మాత్రం జనం రావడం మానేశారు. తర్వాతి సెలవుకు పదిహేడు మంది, ఆ తర్వాత ఆరుగురు, ఆ తర్వాత నేనొక్కదాన్నే. నా ఒక్కదానికీ కిష్టయ్య కథ మొత్తం చెప్పాడు, ఒక్క అంకె తప్పకుండా. నేను ఏడవకుండా కూర్చోవాల్సి వచ్చింది. ఆ తర్వాత యంత్రం ఎవరికో ఇచ్చేసి, ఉన్‌లో ఒక గోదాముకు కావలివాడుగా పోయాడు. రాజేశం నాలుగేళ్లపాటు ఆయన పేరెత్తలేదు. ఆ తర్వాత ఒకరోజు, తనకు పుట్టిన కొడుకును ఎత్తుకుని, నాకు చెప్పకుండానే ఉన్‌కు పోయివచ్చాడు. ఏం మాట్లాడుకున్నారని అడిగితే, "ఏం లేదు, కూసున్నం," అన్నాడు. కాక అంతకు ముందు గాని, తర్వాత గాని నన్నెప్పుడూ నిందించలేదు. నేను ఉన్‌కు పోయినప్పుడల్లా మొదట అడిగేది తమ్ముడు ఎట్లున్నాడనే. నేను చేసిన లెక్క సరైనదే. దాని ఖరీదు మాత్రం ఆయన ఒక్కడే భరించాడు. ఆ సంగతి నాకు ఏ రోజూ తేలిక కాలేదు.

చదువు వచ్చినదాన్ని కాబట్టి, ఆ తర్వాత ఇన్నేళ్లూ మా గల్లీలో ఆసుపత్రి కాగితాలు చదివి చెప్పే పని నాకే పడింది. మొదట్లో ఉన్నది ఉన్నట్టు చదివేసి లేచి వచ్చేసేదాన్ని. అది సగం పనే అని కాకను తలుచుకున్నప్పుడల్లా సిగ్గుపడి నేర్చుకున్నాను. పోయిన నెల మూడో గదిలో ఉండే అంజమ్మ తన భర్త ఆసుపత్రి కాగితాలు తెచ్చింది. ఇక చేయగలిగిందేమీ లేదని వాటిలో ఉంది. ఒక్క ముక్క దాచలేదు, ఒక్క ముక్క కలపలేదు. చివరిదాకా చదివి కాగితాలు మడిచి ఆమె చేతికిచ్చాను. ఆమె లేచి, చెప్పులు వేసుకోకుండానే బయటికి నడిచింది. ఆ చెప్పులు చేతబట్టుకుని, నేనూ వెనకే వెళ్లి పక్కన కలిశాను. మెయిన్ రోడ్డు దాకా పోయాం, అక్కణ్ణుంచి వంతెన దాకా. వంతెన మీద ఆమె ఆగింది. నేనూ ఆగాను.